ఫైనాన్స్ పట్టా: పెట్టుబడి ఎవరిది, ఫలం ఎవరిది?

1913లో బొంబాయిలో రెండు సంఘటనలు జరిగాయి. అప్పటికి ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు. ఆ ఏడు అక్కడ సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాల మొదలైంది. అంతవరకు గుమాస్తాల విద్యగా చెలామణీ అయిన జమాఖర్చుల శాస్త్రానికి మన దేశంలో విశ్వవిద్యాలయ గౌరవం తెచ్చిన తొలి కళాశాలల్లో అది ముఖ్యమైనది. అదే ఏడు, ఆ నగరంలోనే బి.ఏ. ముగించిన ఇరవై రెండేళ్ల యువకుడొకడు బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో న్యూయార్క్ బయలుదేరాడు. నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు సంస్థానం భరిస్తుంది. చదువు ముగిశాక అతడు పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలి. ఆ యువకుడి పేరు భీమ్‌రావ్ అంబేడ్కర్.

ఆయనను మనం రాజ్యాంగ నిర్మాతగా స్మరిస్తాం, సామాజిక విప్లవకారుడిగా గౌరవిస్తాం. ఆయన పొందిన రెండు డాక్టరేట్లూ డబ్బుకు సంబంధించినవేనన్న సంగతి మాత్రం తరచు మరుగున పడుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి సమర్పించినది బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల పరిణామం మీద. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు సమర్పించినది రూపాయి సమస్య మీద. నేటి పరిభాషలో చెప్పాలంటే ఆయన అక్షరాలా ఫైనాన్స్ పట్టభద్రుడు. ఫైనాన్స్ చదువుకు పెట్టే ఖర్చు గిట్టుబాటవుతుందా అని ప్రతి వేసవిలో వేలాది కుటుంబాలు తర్జనభర్జన పడే ప్రశ్నకు మన చరిత్రలో ఆయన జీవితాన్ని మించిన పాఠం లేదు. ఎందుకంటే ఆ ప్రశ్నలో ఇమిడివున్న మూడు అంశాలూ అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి: ఖర్చు ఎవరు పెట్టారు, పట్టా ఏం నేర్పింది, తలుపు ఎవరు తెరిచారు.

పట్టా ఉంది, గది లేదు

ఉపకార వేతనం గడువు ముగియడంతో లండన్ చదువు మధ్యలో ఆపి అంబేడ్కర్ 1917లో తిరిగివచ్చారు. ఒప్పందం ప్రకారం బరోడాలో కొలువుకు చేరారు. కొలంబియాలో చదివిన మనిషికి ఆ నగరంలో అద్దెకు గది దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే, కులం తెలిసిన తరువాత కర్రలు పట్టుకొని వచ్చినవారు అక్కడి నుంచి వెళ్లగొట్టారు. బొంబాయి చేరి, పెట్టుబడులు పెట్టేవారికి సలహాలిచ్చే వ్యాపారం ప్రారంభించారు. సలహాదారు అస్పృశ్యుడని తెలిసిన మరుక్షణం ఖాతాదారులు ముఖం చాటేయడంతో అదీ మూతపడింది. షేర్లు, రుణపత్రాల గురించి ఆ రోజుల్లో బొంబాయిలో ఆయనకన్నా ఎక్కువ చదివినవారు ఎందరుండి ఉంటారు? చదువు నిజమైనదే, జ్ఞానం నిజమైనదే. బజారు మాత్రం దానికి వెల కట్టడానికి నిరాకరించింది.

1918లో సిడెన్‌హామ్ కళాశాలే ఆయనను అర్థశాస్త్ర ఆచార్యుడిగా తీసుకుంది. అక్కడ కూడా ఉపాధ్యాయుల గదిలోని మంచినీళ్ల కూజా ఆయన ముట్టుకోరాదని అభ్యంతరపెట్టిన సహోద్యోగులున్నారు. ఆ జీతంలో మిగిల్చిన సొమ్ము, కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజ్ చేసిన సాయం, మిత్రుడు నవల్ భతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు కలిపి 1920లో ఆయన మళ్లీ లండన్ వెళ్లి, ఆగిన చదువును 1923 నాటికి పూర్తి చేశారు. తరువాత రెండు మూడేళ్లకు కరెన్సీ మీద నియమితమైన హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుట సాక్ష్యమిచ్చారు. రిజర్వు బ్యాంకు పుట్టుకను పూర్తిగా ఆయన గ్రంథానికే ఆపాదించడం అభిమానంతో చేసే అతిశయోక్తి. అయితే రూపాయి విలువ పడితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న ప్రశ్నను కూలివాని వైపు నుంచి కూడా అడిగిన అరుదైన పండితుడాయన అన్నది నిర్వివాదం.

నేను గ్రహించిన పాఠం ఇది. పట్టాకు సొంత విలువ ఒకటి ఉంటుంది, దానిని మార్కెట్ విలువగా మార్చే తలుపు మరొకటి ఉంటుంది. ఆ తలుపు తాళంచెవి చాలాసార్లు పట్టాలో ఉండదు. అంబేడ్కర్ విషయంలో ఆ తాళం కులం. తరువాతి దశాబ్దాలలో దాని ఆకారం మారుతూ వచ్చింది.

ఉద్యోగం ముందు, పాఠం తరువాత

అంబేడ్కర్ రూపాయి గ్రంథం వెలువడిన 1923లోనే మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు అవతరించింది. దానిని స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తిరీత్యా వైద్యుడు. మన ప్రాంతపు ప్రసిద్ధ బ్యాంకుకు పునాది వేసినవాడు ఫైనాన్స్ చదివినవాడు కాడన్నది యాదృచ్ఛికం కాదు. మన దేశంలో ద్రవ్య సంస్థలు చాలాకాలం ఫైనాన్స్ పట్టాను అడగనే లేదు. బ్యాంకులో చేరడానికి ఏదో ఒక డిగ్రీ, కొన్ని కొలువులకైతే మెట్రిక్యులేషన్ సరిపోయేది. బ్యాంకింగ్ శాస్త్రాన్ని చేరిన తరువాత నేర్పేవారు. 1928లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకర్స్ పరీక్షలు అందుకోసం పుట్టినవే. ఆ పరీక్షలు పాసైన ఉద్యోగికి బ్యాంకులు అదనపు ఇంక్రిమెంట్లు ఇచ్చేవి. అంటే చదివినందుకు ఎదురు డబ్బు ఇచ్చేవి.

1969 జులై 19న 14 బ్యాంకులు, 1980లో మరో 6 బ్యాంకులు జాతీయమయ్యాయి. ఇందిరాగాంధీ ఉద్దేశాలలో పార్టీ అంతర్గత పోరు ఎంత, సామ్యవాదం ఎంత అన్న చర్చ ఎప్పటికీ తెగదు. ఫలితం మాత్రం అంకెల్లో కనిపిస్తుంది. 1969లో ఎనిమిది వేల పైచిలుకు ఉన్న బ్యాంకు శాఖలు 1990 దశకం తొలినాళ్లకు అరవై వేలకు చేరాయి. ప్రతి శాఖకూ మేనేజరు, అధికారులు, గుమాస్తాలు కావలసి వచ్చింది. ప్రభుత్వ కళాశాలలో నామమాత్రపు ఫీజుతో బి.కాం. చదివిన తాలూకా కేంద్రపు కుర్రవాడికి రాతపరీక్ష అనే ఒక్క తలుపు చాలింది. మరింత ముఖ్యమైన సంగతి: బ్యాంకులు ప్రభుత్వరంగంలోకి వచ్చినందువల్ల రిజర్వేషన్లు వాటికీ వర్తించాయి. అంబేడ్కర్ సలహాను తిరస్కరించిన బజారులోనే, అర్ధశతాబ్ది గడిచాక, దళిత యువకుడు నగదు కౌంటరు వెనుక కూర్చున్నాడు. ఆ మార్పును తెచ్చినది మార్కెట్ ఔదార్యం కాదు, రాజ్య విధానం.

ఆ రోజుల్లో తండ్రులు డిగ్రీ గిట్టుబాటు లెక్క వేయలేదంటే వారు అమాయకులు కావడం వల్ల కాదు. లెక్క వేయవలసిన అవసరమే లేకపోయింది. ఖర్చు దాదాపు సున్నా, ఫలం పింఛనుతో కూడిన జీవితకాలపు కొలువు. ఆ సమీకరణంలో రెండు వైపులా ప్రభుత్వమే ఉంది: చదువు చెప్పినదీ అదే, కొలువిచ్చినదీ అదే. ఇది స్వర్ణయుగమని నేననను. కళాశాల గడప తొక్కగలిగిన వారే ఆనాడు అతి కొద్దిమంది. తొక్కినవారిపై అప్పు భారం మాత్రం లేదు.

ఆ సంప్రదాయపు నీడ ఇప్పటికీ పైస్థాయిలో ఉంది. 2018 డిసెంబరు నుంచి ఆరేళ్లు రిజర్వు బ్యాంకును నడిపిన శక్తికాంత దాస్ చరిత్ర విద్యార్థి. ఆయన నియామకం నాడు దీనిపై చాలా వ్యంగ్యం నడిచింది. అంతకు ముందు గవర్నరుగా పనిచేసిన తెలుగువాడు దువ్వూరి సుబ్బారావు మొదట చదివినది భౌతికశాస్త్రం. దేశపు ఖజానా తాళంచెవులు ఫైనాన్స్ పట్టా లేనివారి చేతికి నిశ్చింతగా అప్పగించే వ్యవస్థ, పాతికవేల జీతపు ఉద్యోగానికి మాత్రం పది లక్షల ఫైనాన్స్ పట్టా కొనుక్కు రమ్మంటోంది. ఈ వైరుధ్యం ఎక్కడ మొదలైందో చూడాలి.

భారం చేతులు మారిన వైనం

1991 అనగానే లైసెన్సుల రద్దు, రూపాయి మూల్య తగ్గింపు గుర్తుకొస్తాయి. ఆ దశాబ్దంలోనే నిశ్శబ్దంగా మరొక బదిలీ జరిగింది. విశ్వవిద్యాలయాల నిధులపై నియమితమైన జస్టిస్ పున్నయ్య కమిటీ, సంస్థలు తమ ఖర్చులో కొంత భాగాన్ని సొంతంగా సమకూర్చుకోవాలనీ, పదేళ్లలో ఆ భాగాన్ని నాలుగో వంతుకు చేర్చాలనీ సూచించింది. 2000లో ప్రధానమంత్రి వాణిజ్య, పరిశ్రమల మండలికి ముకేశ్ అంబానీ, కుమారమంగళం బిర్లా ఇచ్చిన నివేదిక మరో అడుగు ముందుకు వేసింది: ఉన్నత విద్యకు వాడుకున్నవాడే చెల్లించాలి, చెల్లించలేనివాడికి అప్పు దొరకాలి. 2001లో బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకాన్ని రూపొందించింది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మన ఉమ్మడి రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో 1993లో వచ్చిన ఫీజుల పథకాన్ని పక్కన పెట్టింది. లాభార్జన, క్యాపిటేషన్ తగవంటూనే ఫీజు నిర్ణయంలో ప్రైవేటు సంస్థలకు స్వేచ్ఛనిచ్చింది.

ఇవన్నీ ఒకే కుట్రలో భాగాలని నేను చెప్పడం లేదు. సర్కారీ ఖజానా ఖాళీ అయిన మాటా నిజం, సీట్ల కొరత ఉన్న మాటా నిజం. పదేళ్ల వ్యవధిలో ఈ నాలుగూ కలిసి ఒకే దిశగా నడిచాయన్నది మాత్రం చరిత్ర. అదే సమయంలో తలుపు కూడా ఇరుకైంది. ప్రభుత్వ బ్యాంకుల నుంచి 2000-01లో సుమారు లక్షమంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ప్రాంతీయ నియామక మండళ్లు రద్దయ్యాయి. 2017లో 27గా ఉన్న ప్రభుత్వరంగ బ్యాంకులు 2020 నాటికి విలీనాలతో 12 అయ్యాయి. పట్టాభి నాటిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. చదువు ఖర్చు ఇంటి పద్దులోకి వచ్చిన సమయానికే, ఆ చదువుకు జవాబుదారీ వహించిన కొలువు కుంచించుకుపోయింది.

ఈ తిరగబాటుకు పరాకాష్ఠ మరొకటి. గత రెండు దశాబ్దాలలో కొన్ని బ్యాంకులు ప్రైవేటు విద్యాసంస్థలతో చేతులు కలిపి, అభ్యర్థి ముందుగా లక్షల ఫీజు కట్టి శిక్షణ పొందితేనే అధికారిగా తీసుకొనే పద్ధతి తెచ్చాయి. ఒకనాడు బ్యాంకింగ్ నేర్చుకున్నందుకు ఉద్యోగికి ఇంక్రిమెంటు ఇచ్చిన వ్యవస్థ, నేడు తన పని తాను నేర్పడానికి నిరుద్యోగి చేత అప్పు చేయిస్తోంది. ఆ అప్పిచ్చేదీ బ్యాంకే!

అత్యున్నత శిఖరం కథ వేరు. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు 1961లో ప్రజాధనంతో పుట్టాయి. 2004లో మానవ వనరుల మంత్రి మురళీ మనోహర్ జోషి వాటి వార్షిక ఫీజును లక్షన్నర ప్రాంతం నుంచి 30 వేలకు తగ్గించమని ఆదేశించినప్పుడు, స్వయంప్రతిపత్తి పేరుతో పెద్ద దుమారం రేగింది. ప్రభుత్వం మారగానే ఆ ఆదేశం అటకెక్కింది. నేడు అహ్మదాబాద్‌లో రెండేళ్ల చదువు 20 లక్షలు దాటింది. గమ్మత్తేమిటంటే 2017 చట్టం వచ్చేవరకు ఈ సంస్థలు ఇచ్చినది డిగ్రీ కూడా కాదు, డిప్లొమా. అయినా దానికున్న విలువ ముందు ఏ విశ్వవిద్యాలయ పట్టా నిలవలేదు. సంస్థలు కొన్నది కాగితం మీది అక్షరాలను కాదనీ, కఠినమైన ప్రవేశ పరీక్ష చేసిన వడపోతను అనీ ఇంతకన్నా రుజువు అక్కరలేదు. చదువు యజమానికి ఒక సంకేతంగా పనిచేస్తుందని 1973లో మైకేల్ స్పెన్స్ సిద్ధాంతీకరించినదీ ఇదే. తరువాత ఆయనకు నోబెల్ వచ్చింది.

మధ్యలో చిక్కినవారు

తెలుగు రాష్ట్రాల అనుభవం ఈ కథకు ఒక ప్రత్యేక అధ్యాయం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల ఇళ్లలో తొలి పట్టభద్రుణ్ని చూపింది. దానిని కేవలం ఓట్ల పథకమని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. అయితే ఆ సొమ్మును నమ్ముకొని ఎంబీఏ కళాశాలలు మండల కేంద్రాల దాకా పుట్టుకొచ్చాయి. బోధకులు, గ్రంథాలయం, కంపెనీల రాకపోకలు చాలాచోట్ల కాగితానికే పరిమితమయ్యాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులను ఆ పథకం నుంచి తప్పించింది. రెండు రాష్ట్రాలలోనూ పార్టీలేవైనా బకాయిలు పేరుకుపోవడం రివాజైంది. బకాయి ప్రభుత్వానిది, తాళం వేసిన సర్టిఫికెట్ల బీరువా కళాశాలది, చేజారిన ఉద్యోగం విద్యార్థిది.

ఇక అప్పు లెక్క చూద్దాం. ఫైనాన్స్ చదవబోయేవారికి ఇంతకన్నా మంచి తొలి అభ్యాసం లేదు. రెండేళ్ల ఎంబీఏకు ఏటా 5 లక్షల చొప్పున 10 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదివే రెండేళ్లు, ఆపైన ఏడాది వాయిదా కాలంలో సాధారణ వడ్డీయే రెండున్నర లక్షలు చేరుతుంది. ఆ 12.5 లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెల కిస్తీ సుమారు 16,500 రూపాయలు. మొత్తం చెల్లింపు 20 లక్షలకు చేరువ. బి.కాం.తోనే నెలకు 20 వేలు తెచ్చుకోగలిగే వ్యక్తి, ఎంబీఏ తరువాత చేతికి 36,500 రూపాయలు అందుకుంటేనే మునుపటి స్థితిలో ఉన్నట్టు. చదివిన రెండేళ్లలో వదులుకున్న 4 లక్షల 80 వేల జీతం ఇందులో కలపలేదు. బ్రోషర్లలో మెరిసే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. మీ బిడ్డ జీవితాన్ని నిర్ణయించేది మధ్యలో నిలిచినవాడి జీతం. ఆ అంకెను చాలా సంస్థలు అచ్చువేయవు, వేసినా దానిని ఆడిట్ చేసినవారుండరు.

కాబట్టి అడిగినవారికి నా సమాధానం ఇలా ఉంటుంది. ప్రభుత్వ కళాశాలలో తక్కువ ఫీజుతో చదివే బి.కాం. నేటికీ నష్టం లేని బేరమే. దానికి తోడు సీఏ వంటి వృత్తి పరీక్షకు కూర్చోగలిగితే మరీ మంచిది. 1949 నాటి చట్టంతో ఏర్పడిన ఆ వ్యవస్థలో సంస్థకు కట్టే రుసుములు ఎంబీఏ ఫీజుల ముందు స్వల్పం, పైగా ఆర్టికల్‌షిప్‌లో ఎంతోకొంత స్టైపెండ్ ఉంటుంది. ఉత్తీర్ణత శాతం తక్కువ కావడం వల్ల అక్కడ ఖర్చయ్యేది డబ్బు కన్నా వయసు. ఆ రిస్కును దాచిపెట్టకూడదు. వడపోత నిజంగా కఠినమైన కొద్ది సంస్థలకు అప్పు చేసినా తీర్చగలిగే అవకాశం ఎక్కువ. ఈ రెంటి నడుమ, పొలం తాకట్టు మీద కొనే మూడో రకం పట్టా ఉంది. అడిగినవారికల్లా సీటిచ్చే చోట వడపోత ఉండదు, వడపోత లేనిచోట సంకేతం పలకదు. దానికి నేను వద్దనే చెబుతాను.

అయితే ఈ సలహాతో నా పని తీరిందనుకుంటే పాత్రికేయుడిగా తప్పు చేసినవాణ్నవుతాను. సలహా ఒక కుటుంబాన్ని కాపాడవచ్చు. ప్రశ్నను మాత్రం తప్పుచోట వదిలేస్తుంది. ఇప్పుడు కొత్త ఫైనాన్స్ కొలువుల్లో ఎక్కువ భాగం ప్రైవేటు రంగంలోనివే. అక్కడ రిజర్వేషన్ లేదు. తలుపు తీసేది ఇంగ్లిష్ ఉచ్చారణ, పరిచయాలు, మహానగరంలో జీతం లేకుండా ఇంటర్న్‌షిప్ చేయగల స్తోమత. బరోడా సత్రం ముందు నిలిచిన కర్రలు కనిపించేవి. ఈ తాళం కనిపించదు. ఎల్లప్పుడూ లెక్క తప్పినది విద్యార్థిదేనన్నట్టుగా ఉంటుంది.

అందుకే రాజకీయ పక్షాలను అడగవలసినవి రెండున్నాయి. ఒకటి: ప్రజాధనం రూపాయి అందుకొనే ప్రతి కళాశాలా, ప్రతి కోర్సుకూ, ఎందరు చేరారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్నవి స్వతంత్ర ఆడిట్‌తో ఏటా ప్రకటించాలి. మదుపరికి కంపెనీ లెక్కలు చూసే హక్కునిచ్చిన చట్టం, విద్యార్థికి కళాశాల లెక్కలు చూసే హక్కును ఎందుకివ్వదు? రెండు: రీయింబర్స్‌మెంట్ బకాయి ఎంత పెరిగినా సర్టిఫికెట్ ఆపరాదన్న నియమాన్ని కాగితం దాటించాలి. ఈ రెండింటికీ ఖజానా నుంచి పెద్దగా ఖర్చు కాదు. ఏ ఎన్నికల ప్రణాళికలోనైనా ఇవి కనిపించకపోవడానికి కారణం డబ్బు కొరత కాదని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

అంబేడ్కర్ చదువుకు ఒక సంస్థానం, ఒక మహారాజు, ఒక మిత్రుడు తలా కొంత పెట్టుబడి పెట్టారు. ఆ పెట్టుబడి ఫలాన్ని కొలవాలంటే ఆయన నెల జీతం చూడం, ఈ దేశాన్ని చూస్తాం. చదువును ఉమ్మడి పెట్టుబడిగా చూసిన కాలం ఒకటుందని గుర్తుచేసుకోవడానికే ఇదంతా. పట్టా గిట్టుబాటవుతుందా అని ఇంట్లో లెక్క వేసుకోక తప్పదు. ఆ లెక్క ఒక్క ఇంటి మీదే ఎందుకు పడిందన్న ప్రశ్న మాత్రం ఇల్లు దాటి రావాలి.